మా అన్నయ్య ఔటవ్వాలి

ఇప్పుడు చెప్పబోయేది ఒక వీరగాథ. ఇందులో ఎడారి ఉంది, సూర్యోదయం ఉంది, ఇరవై నాలుగేళ్ళ జీవితంలో ఒక్కసారి కూడా ఔట్ కాని బ్యాట్స్‌మన్ ఉన్నాడు. అతన్ని ఎలాగైనా ఔట్ చేయాలని మూడు దేశాలవాళ్ళు కలిసి పన్నిన కుట్ర ఉంది. కన్నతల్లి అడ్డుపడటం ఉంది. చివర్లో సొంత తమ్ముడి ద్రోహం కూడా ఉంది.

అంత లేదులెండి. ఎడారి అంటే ఇక్కడ దోహాలో, మెసైమీర్‌ గోడౌన్ల వెనకాల ఉన్న మట్టి గ్రౌండు. సూర్యోదయం అంటే శుక్రవారం పొద్దున ఆరున్నర, తొమ్మిది దాటితే ఎండ ఆడనివ్వదు కాబట్టి. ఆ బ్యాట్స్‌మన్ మా అన్నయ్య. తను ఎప్పుడూ ఔట్ కాకపోవడానికి కారణం తన బ్యాటింగ్ కాదు. మేము.

అన్నయ్య నాకన్నా రెండేళ్ళు పెద్ద. నేర్చుకోవడంలో తనకి ఇబ్బంది ఉంది. డాక్టర్లు దానికి పొడుగాటి ఇంగ్లీషు పేరొకటి పెట్టారు గానీ అమ్మ దాన్ని ఎప్పుడూ పూర్తిగా పలకదు. ఎవరైనా అడిగితే “కొంచెం నిదానం” అంటుంది. నిదానం అంటే ఇదీ: అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. ఇరవై దాటితే అంకెలు తన మాట వినవు. రోజూ జరిగేది జరక్కపోతే కంగారు పడతాడు. ఒకసారి నేర్చుకున్నది మాత్రం చచ్చినా మరిచిపోడు. ఈ చివరిదాన్ని మేం అందరికీ గొప్పగా చెప్పుకునేవాళ్ళం. మా కొంప ముంచింది అదే.

నాకు ఏడేళ్ళప్పుడు మేం అల్ దోహా అల్ జదీదాలో ఒక పాత బిల్డింగులో ఉండేవాళ్ళం. కింద కారిడార్లో క్రికెట్. లబన్ అనే మజ్జిగ సీసాలు వచ్చే ప్లాస్టిక్ క్రేటే వికెట్టు. అన్నయ్య ఆడుతుండగా క్రేటుకి మొదటిసారి బంతి తగిలిన రోజు బ్యాటుని కావలించుకుని నేలమీద పడుకుని ఏడ్చాడు. ఆ ఏడుపుకి రెండో అంతస్తు నుంచి ఒక పెద్దాయన దిగొచ్చాడు. దిగొచ్చి ఆటే ఆపేయమన్నాడు. ఆట ఆగిపోతుందన్న భయంతో నేను అక్కడికక్కడ ఒక తీర్పు చెప్పాను: “మా అన్నయ్య ఆటలో అరటిపండు.”

అరటిపండు అంటే తెలుగు పిల్లలకి వివరించక్కర్లేదు. ఎవరి బుడ్డోడో ఏడుస్తూ వస్తే తరిమేయలేం, తరిమితే వాళ్ళమ్మ వస్తుంది. చేర్చుకోనూ లేం, చేర్చుకుంటే ఆట పాడవుతుంది. అందుకని వాడు ఆటలో ఉంటాడు, కానీ వాడి ఔటు ఔటు కాదు, వాడి పరుగు పరుగూ కాదు. ఎక్కడైనా అరటిపండు అందరికన్నా చిన్నవాడై ఉంటాడు. మా దగ్గర అందరికన్నా పొడుగువాడు. ఆ కారిడార్లో ఈజిప్టు పిల్లలకి కూడా వచ్చిన ఒకే ఒక్క తెలుగు మాట అదే.

కాబట్టి అన్నయ్య క్రేటుకి బంతి తగిలిన ప్రతిసారీ అందరం ఒకే గొంతుతో “ట్రయల్ బాల్!” అని అరిచేవాళ్ళం. అంటే అది లెక్కలోకి రాదని, మళ్ళీ ఆడమని. అన్నయ్య దాన్ని శ్రద్ధగా నేర్చుకున్నాడు. బంతి వికెట్టుకి తగిలితే ఏం చేయాలి? వికెట్టు సరిగ్గా నిలబెట్టాలి, మళ్ళీ ఆడాలి. పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా ఈ పద్ధతి తప్పలేదు. నేను పెట్టిన రూల్ని జీవితంలో ఇంత నమ్మకంగా పాటించినవాళ్ళు ఇంకెవరూ లేరు.

తర్వాత అల్ వుకైర్‌కి మారాం. అన్నయ్యకి ఇరవై ఒకటి రాగానే స్కూలు అయిపోయింది. అయిపోయిందంటే పాసయ్యాడని కాదు, వయసు దాటిపోయింది. ఆ తర్వాత కొన్ని నెలలపాటు రోజూ ఆరింటికే బ్యాగు తగిలించుకుని తలుపు దగ్గర నిలబడేవాడు. బస్సు రాదని అమ్మ రోజూ చెప్పేది. ఒకరోజు బ్యాగు తీసి మంచం కింద పెట్టాడు. అప్పట్నుంచి తన వారం అంతా బాల్కనీయే, మధ్యలో మంగళవారం చేపల మార్కెట్టు.

అలాంటి సమయంలో అమ్మకి ఎవరో ఈ శుక్రవారం టీమ్ సంగతి చెప్పారు. అందులో నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న కుర్రవాళ్ళు ఆరుగురు, లేనివాళ్ళు అయిదుగురు, కలిపి ఒకే జట్టు. మొదటివాళ్ళు ఆటగాళ్ళు, రెండోవాళ్ళని పార్ట్‌నర్లు అంటారు. పార్ట్‌నర్ మొత్తం తనే ఆడేయకూడదు, సింగిల్ తీసి అవతలి ఎండ్‌లోని ఆటగాళ్ళకి బ్యాటింగు ఇవ్వాలి. సాయం చేస్తున్నట్టు మొహం పెట్టకూడదు. నాన్నకి మోకాలి నొప్పి, అమ్మకి క్రికెట్ అంటే విసుగు. అందుకని పార్ట్‌నర్‌గా నేను వెళ్ళాను. నేను ఒక కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్ని. ఎవరో గీసిన డ్రాయింగుల మీద రివిజన్ నంబర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం నా డ్యూటీ. ఆటలో నా స్థాయి కూడా దాదాపు అంతే.

మొదటి వారమే అన్నయ్యకి పసుపు టీషర్టు ఇచ్చారు. తనే మడతపెట్టుకుని తలగడ కింద పెట్టుకునేవాడు. కింద బకాలా కిరాణా కొట్టతనికీ, వాచ్‌మన్‌కీ, లిఫ్టులో ఎక్కిన ముక్కూమొహం తెలియనివాళ్ళకీ ఒకటే మాట: “నేను టీమ్.” వాళ్ళు ఏ టీమ్ అని అడిగితే మళ్ళీ, “టీమ్.”

మూడో శుక్రవారం ప్రాక్టీసులో అన్నయ్య క్లీన్ బౌల్డ్ అయ్యాడు. మధ్య స్టంపు ఎగిరిపడింది. తను వెనక్కి తిరిగి, స్టంపు తీసుకుని, దులిపి, నేలలో గుచ్చి, బెయిల్సు రెండూ పేర్చి, మళ్ళీ బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. వికెట్ కీపర్ పెషావర్ కుర్రాడు, అన్నయ్యలాంటివాడే, ఆటగాళ్ళలో ఒకడు. ప్రపంచంలో న్యాయం ఎంత ఉందో అంతా వాడి గొంతులోనే ఉంది.

“ఔట్! ఔట్! ఖలాస్!”

అన్నయ్య వాడి వైపు చూసి నవ్వి, బౌలర్‌తో “వెయ్యి” అన్నాడు. వాడు గ్లవ్స్ విసిరికొట్టాడు. అన్నయ్య ఆ గ్లవ్స్ కూడా తీసి, దులిపి ఇచ్చాడు. వాడు ఏడవడం మొదలుపెట్టాడు.

కోచ్ మేడమ్ నన్ను పక్కకి పిలిచింది. ఆవిడది శ్రీలంక. ఇంగ్లీషులో మాట్లాడుతుంది గానీ ఆవిడ మాటల్ని నేను తెలుగులోనే రాస్తాను, నాకు భయం వేసింది తెలుగులోనే కాబట్టి.

“ఇంకో రెండు వారాలకి వేరే సెంటర్ వాళ్ళతో మ్యాచ్ ఉంది. అది చూసే టోర్నమెంట్ లిస్టు రాస్తాను. ఔటైతే మీ అన్నయ్య బయటికి నడవాలి. నడవకపోతే పేరు రాయలేను.”

“తనకి అర్థం కాదేమో మేడమ్.”

“అర్థం కాదని నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. మేమే అనుకున్నాం.”

“ఎప్పట్నుంచి?”

“ఒక పదిహేనేళ్ళ నుంచి.”

ఆవిడ విజిల్ నోట్లో పెట్టుకుంది. అంటే ఆవిడ చెప్పాల్సింది అయిపోయిందని అర్థం.

కారులో ఇంటికి వెళ్తూ అన్నయ్య టీషర్టు మీద అంకెని వేలితో రాస్తూ కూర్చున్నాడు. నేను మాత్రం సిగ్నల్ పచ్చగా మారినా కదల్లేదు. వెనకవాడు హారన్ కొట్టాడు. లిస్టులో పేరు లేకపోతే ఆ సంగతి తనకి ఎవరు చెప్పాలి? బస్సు రాదని చెప్పింది అమ్మ. ఈసారి నా వంతు.

ఆ సాయంత్రం ఇంట్లో అత్యవసర సమావేశం. నాన్న ప్లానింగ్ ఇంజనీరు. ఇంట్లో గ్యాస్ సిలిండర్ మార్చాలన్నా ముందు బార్ చార్టు వేస్తారు. పావుగంటలో ఒక కాగితం ఫ్రిజ్ మీదకి ఎక్కింది. పైన రాసి ఉంది: ఔట్ ప్రోగ్రాం, రివిజన్ సున్నా. రోజుకి అరగంట, వరండాలో నాన్న బౌలింగు, నేను అంపైరు, ఔటవగానే అన్నయ్య సోఫా దాకా నడవాలి.

అమ్మ గోంగూర ఒలుస్తూ తలెత్తలేదు. “వాణ్ణి ఔట్ చేసి మీరేం సాధిస్తారు?”

“టీమ్‌లో చోటే,” అన్నారు నాన్న.

“పదిహేనేళ్ళు నవ్వుతూ ఆడుకున్నాడు. ఇప్పుడేం ముంచుకొచ్చింది?”

“అమ్మా, రూలే అంత. ఔటైతే వెళ్ళిపోవాలి.”

“వెళ్ళిపోవాలంటే పంపించేశారనుకుంటాడ్రా చిన్నోడా. స్కూలు నుంచి పంపించేసినట్టు.”

నాన్న ఫ్రిజ్ మీద కాగితాన్ని ఒకసారి సరిచేశారు, అది సరిగ్గానే ఉన్నా.

ప్రోగ్రాం సోమవారం మొదలైంది. మొదటి అడ్డంకి సాంకేతికమైనది: నాన్న బంతి వికెట్టుకి తగలదు. మూడు రోజుల్లో షూ ర్యాకుకీ, పక్క ఫ్లాటువాళ్ళ తలుపుకీ, అమ్మ తులసి కుండీకీ తగిలింది గానీ వికెట్టుకి తగల్లేదు. అన్నయ్య నాటౌట్ రికార్డు ఈసారి నిజాయితీగానే నడిచింది. నాలుగో రోజు నేను వేశాను. తగిలింది. నాన్న వేలెత్తి, “ఔట్ నాన్నా, సోఫా దగ్గరికి వెళ్ళు” అన్నారు. అన్నయ్య వికెట్టు నిలబెట్టి, “ట్రయల్ బాల్ నాన్నా” అని ఓపిగ్గా చెప్పాడు. పెద్దాయన మరిచిపోయారనుకున్నాడు.

మర్నాడు శుక్రవారం. మ్యాచ్‌కి ఇంకో వారమే ఉంది. గ్రౌండులో ఈ గోడు కాకాతో వెళ్ళబోసుకున్నాను. కాకా మా టీమ్‌లో ఇంకో పార్ట్‌నర్. జగిత్యాల వైపు మనిషి, సైట్‌లో స్కఫోల్డింగ్ కడతాడు. దగ్గర్లోనే వాళ్ళ లేబర్ క్యాంపు. మొదట్లో శుక్రవారం సెలవు కదా అని కంచె అవతల నిలబడి చూసేవాడు. కోచ్ మేడమ్ “యల్లా” అని లోపలికి పిలిచి గ్లవ్స్ చేతిలో పెట్టింది. ఇంటికి ఫోన్ చేసి క్రికెట్ టీమ్‌లో సెలెక్టయినానని చెబితే వాళ్ళావిడ దుబాయ్‌ల గిట్ల తాగుడు సుత మొదలువెట్టినవా అని అడిగిందట. వాళ్ళ ఊళ్ళో ఖతర్ కూడా దుబాయే.

“గింతేనా తమ్మీ? సూడు, నేను ఔటయి సూపిస్త. నన్ను జూసి నేర్సుకుంటడు.”

కాకా కావాలని బౌల్డ్ అయ్యాడు. కష్టం వచ్చినవాడిలా నుదురు కొట్టుకున్నాడు, బ్యాటు చంకలో పెట్టుకుని తల వేలాడేసి నడిచాడు. ఇంత నటన పెళ్ళి వీడియోల్లో కూడా చూడలేదు. అన్నయ్య పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాడు. “కాకా, ట్రయల్ బాల్. ఆడు.”

తర్వాత ఇంకో ఇద్దరు ఔటైతే వాళ్ళనీ వెనక్కి తెచ్చాడు. అవతలి జట్టువాడైనా సరే, తన ఎదుట ఎవరూ బయటికి పోవడానికి వీల్లేదు. పెషావర్ కుర్రాడు నా దగ్గరికొచ్చి చాలా తీవ్రంగా ఏదో చెప్పాడు. పష్తో రాకపోయినా మొత్తం అర్థమైంది.

కాకా గట్టు మీద కూర్చుని సులేమానీ టీ సగం తాగాడు. తర్వాత అన్నాడు: “అది గాదు తమ్మీ. పో, పో అంటున్నరు గని, యాడికి పోవాలె? గది ఎవ్వలన్న చెప్పిన్రా?”

“బయటికి.”

“బయట అంటే యాడ? రోడ్డు మీదికా? మన తలకాయల ఉంటది గని పిలగానికి ఏడికెల్లి తెలుస్తది?” గ్లాసు కింద పెట్టాడు. “మా సైట్ల సైరన్ మోగితే ఏం జేస్తమో ఎరుకేనా? ఎందుకు మోగింది, ఎవలు మోగిచ్చిన్రు అని అడగం. సేతుల పని ఆడనే ఇడిసిపెట్టి అసెంబ్లీ పాయింట్‌కు పోతం. ఆకుపచ్చ బోర్డు ఉంటది. ఆడ నిలవడ్తే తలకాయలు లెక్కవెడ్తరు. ఎవ్వన్ని ఎల్లగొట్టినట్టు గాదది. అందరు భద్రం ఉన్నట్టు.”

వెంటనే అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. “స్కూల్లో ఫైర్ డ్రిల్ జరిగితే అందరికన్నా ముందు వెళ్ళేది మీ అన్నయ్యేరా. టీచర్ పుస్తకంలో రాసి పంపింది” అంది. తెలుగులో నాలుగు మార్కులు రాని రోజుల్లో ఇంటికి వచ్చిన ఒకే ఒక్క ప్రశంస అది. నేను మరిచిపోయాను. నేనైతే డ్రిల్లులో రెండుసార్లు బాత్రూంలో ఉండిపోయాను.

సోమవారంకల్లా కాకా డ్యూటీ అయ్యాక ఒక ప్లైవుడ్ ముక్కకి ఆకుపచ్చ రంగు వేసి, మధ్యలో నలుగురు మనుషులు, నాలుగు మూలల నుంచి బాణాలు గీసి పెట్టాడు. మనుషులు కొంచెం బంగాళాదుంపల్లా ఉన్నారు. అన్నయ్య బోర్డు చూడగానే నిటారుగా నిలబడ్డాడు. “అసెంబ్లీ పాయింట్,” అన్నాడు. ఆ మాట కూడబలుక్కోలేదు.

ఆ వారం మూడు సాయంత్రాలు కోచ్ మేడమ్ ప్రత్యేకంగా వచ్చింది. వికెట్టు పడుతుంది, ఆవిడ విజిల్ ఊదుతుంది, కాకా “సైరన్! నడువు కొడుకా!” అంటాడు, ఇద్దరూ కలిసి బోర్డు దగ్గరికి వెళ్తారు, కాకా తలకాయలు లెక్కపెడతాడు. అన్నయ్య ముందు స్టంపు నిలబెట్టి మరీ వెళ్ళేవాడు, అది మాత్రం మాన్పించలేకపోయాం. మాన్పించాల్సిన అవసరం కూడా లేదంది మేడమ్, శుభ్రత ఎక్కడా నేరం కాదని. ఆరుసార్లలో నాలుగుసార్లు వెళ్ళాడు. నాన్న దాన్ని చార్టులో అరవై ఆరు శాతం అని రాశారు. నాకు మిగతా రెండుసార్లే కనబడ్డాయి. గురువారం ఆఫీసులో ఒకే డ్రాయింగుని రెండు వేర్వేరు రివిజన్ నంబర్లతో ఇద్దరికి పంపాను. ఆ బిల్డింగుకి ఇప్పుడు ఎన్ని మెట్లు ఉన్నాయో నాకు తెలియదు.

శుక్రవారం అమ్మ మొదటిసారి గ్రౌండుకి వచ్చింది. వచ్చింది అంటే కారు దాకా వచ్చింది. అద్దాలు ఎక్కించుకుని, వెనక సీట్లో కూర్చుని, “నేను చూడను, అయ్యాక చెప్పండి” అంది. నాన్న బౌండరీ పక్కన చేతులు వెనక్కి కట్టుకుని కాంక్రీటు పోస్తుంటే చూసేవాళ్ళలా నిలబడ్డారు. నేను ప్యాడ్లు కట్టుకుని, విప్పి, మళ్ళీ కట్టుకున్నాను. అన్నయ్యకి కంగారేమీ లేదు. పొద్దున నాలుగు ఇడ్లీలు తిన్నాడు. నావి రెండు కూడా తిన్నాడు.

ఎనిమిదేసి ఓవర్ల మ్యాచ్. అవతలివాళ్ళు ముందు ఆడి నలభై ఒకటి చేశారు. మా బ్యాటింగులో ఆరో ఓవర్ దాకా అన్నయ్య వంతు రాలేదు. ప్రతి వికెట్టుకీ ఔటైనవాళ్ళు బౌండరీ పక్కన నిలబెట్టిన ఆకుపచ్చ బోర్డు వైపు నడుస్తుంటే, తను కూర్చున్నచోటే వేళ్ళ మీద వాళ్ళని లెక్కపెట్టుకుంటున్నాడు. వెనక్కి మాత్రం ఎవర్నీ లాక్కురాలేదు. ఇది మంచి శకునమా, కాదా అని నేను ఆలోచిస్తుండగానే ఇంకో వికెట్టు పడింది. అన్నయ్య లేచాడు.

అవతలి ఎండ్‌లో నేనే ఉన్నాను. కాకా అప్పటికే ఔటై బోర్డు దగ్గర ఉన్నాడు. నాకు గుర్తుంది, ఆ క్షణంలో బాగానే ఉందనుకున్నాను: కాకా అక్కడే ఉన్నాడు, అన్నయ్య తన దగ్గరికే నడుస్తాడు. ప్రాక్టీసులో ప్రతిసారీ కాకా పక్కనే నడిచాడన్న సంగతి మాలో ఒక్కడికీ తట్టలేదు. ప్లానింగ్ ఇంజనీరుకి కూడా.

బౌలరు చిన్నజడ వేసుకున్న ఒక అమ్మాయి. నాలుగడుగులు ఆగి ఆగి వచ్చి వేస్తుంది. మొదటి బంతి అన్నయ్య ఆడాడు, రెండు పరుగులు. పరుగెత్తినంతసేపూ నవ్వాడు. రెండో బంతి తగల్లేదు. మూడో బంతి కూడా తగల్లేదు, కానీ దానికి స్టంపు తగిలింది.

మధ్య స్టంపు వాలిపోయింది. బెయిల్సు పడ్డాయి. అంపైరు వేలెత్తాడు. మేడమ్ విజిల్ ఊదడానికి ఊపిరి పీల్చుకుంటోంది. రెండు వారాలుగా నేను నిద్రలో కూడా ఎదురుచూస్తున్న ఘట్టం ఇదే, అందరికన్నా నేనే సిద్ధంగా ఉన్నాను. సరిగ్గా అప్పుడు ఒక గొంతు గ్రౌండు మొత్తం వినబడేలా అరిచింది:

“ట్రయల్ బాల్!”

ఆ గొంతు నాదే.

ఎందుకరిచానంటే ఏం చెప్పను. పదిహేనేళ్ళుగా అన్నయ్య వికెట్టు పడితే నా నోట్లోంచి వచ్చే మాట అదే. మోకాలి మీద సుత్తితో కొడితే కాలు లేచినట్టు లేచింది. నాన్న రెండు చేతులూ తల మీద పెట్టుకున్నారు. పెషావర్ కుర్రాడు మా జట్టువాడే, అయినా కంచె దగ్గర్నుంచి “ఔట్! ఖలాస్!” అని అరిచాడు. వాడికి జట్టు కన్నా ధర్మం ముఖ్యం. అప్పుడు విజిల్ మోగింది.

అన్నయ్య స్టంపు చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. ఒక పక్క తమ్ముడి మాట, ఇంకో పక్క సైరన్. నావైపు చూశాడు. బోర్డువైపు చూశాడు. మళ్ళీ నావైపు చూశాడు. ఎంతసేపో నాకు తెలియదు. నాకు ఆ కాసేపట్లో లిస్టూ, తలగడ కింద టీషర్టూ, తలుపు దగ్గర బ్యాగూ అన్నీ కనబడ్డాయి. తను వంగి, స్టంపు గుచ్చాడు. బెయిల్సు పేర్చాడు. అయిపోయింది అనుకున్నాను.

బ్యాటు చంకలో పెట్టుకున్నాడు. నడవడం మొదలుపెట్టాడు. అయితే బోర్డువైపు కాదు, పిచ్ మీదుగా నావైపు. వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

“సైరన్,” అన్నాడు. “పద.”

“అన్నయ్యా, నువ్వు వెళ్ళు. నేను ఔట్ కాలేదు.”

“సైరన్ మోగింది. అందరూ పోవాలి. పద తమ్ముడూ.” గొంతులో విసుగు ఉంది. డ్రిల్లులో బాత్రూంలో ఉండిపోయేవాళ్ళని చూసి టీచరుకి ఉండే విసుగు.

నేను చేయి విడిపించుకోవచ్చు. విడిపించుకుంటే తను అక్కడే నిలబడిపోతాడు, నన్ను వదిలి వెళ్ళడు. అది ఆ చేతి పట్టులో తెలిసిపోయింది. కాబట్టి వెళ్ళాను. ఖతర్లో ఇద్దరు బ్యాట్స్‌మన్లు ఒకే బంతికి చేతులు పట్టుకుని ఔటవడం అదే మొదటిసారి అయి ఉంటుంది. ఆ బౌలరు అమ్మాయి రెండు వేళ్ళెత్తి వాళ్ళ జట్టుకి చూపించింది. ఒక బంతికి రెండు వికెట్లు మరి.

ముందు ఔటైనవాళ్ళు అప్పటికే కంచె నీడలోకి జారుకున్నారు, బోర్డు దగ్గర మిగిలిన మమ్మల్ని అన్నయ్య నిలబెట్టి లెక్కపెట్టాడు. కాకా ఒకటి, నేను రెండు, తను మూడు. ఈలోగా అమ్మ కారు దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేసింది. అద్దంలోంచి చూస్తూనే ఉందన్నమాట. ఆవిడ నాలుగు. “ఏడవకు,” అన్నాడు అమ్మతో. “డ్రిల్లే.”

మేం మూడు పరుగుల తేడాతో ఓడిపోయాం. పెషావర్ కుర్రాడు తప్ప ఇంకెవరూ పట్టించుకోలేదు. వాడు నాతో ఇప్పటికీ మాట్లాడటం లేదు.

ఆట అయ్యాక మేడమ్ అట్ట మీద కాగితం పెట్టుకుని పేర్లు రాస్తోంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

“నడిచాడు కదా మేడమ్. నన్ను కూడా తీసుకెళ్ళాడు, అది... అది తప్పు లెక్కలోకి వస్తుందా?”

“తను ఔటయ్యాడు, నడిచాడు. అంతే.” అన్నయ్య పేరు రాసింది. వెనక నుంచి నాన్న “ఎంత శాతం అడుగు” అంటున్నారు.

“నువ్వు మాత్రం ఔటవకుండా నడిచావు,” అంది ఆవిడ రాస్తూనే. “అంతకుముందు ట్రయల్ బాల్ అని అరిచింది ఎవరు?”

నేను వంగి షూ లేసు కట్టుకున్నాను.

“పార్ట్‌నర్‌గా నీకు ఇంకొంచెం ప్రాక్టీసు కావాలి.” నా పేరు కాగితం అడుగున రాసింది. పక్కన స్టాండ్‌బై అని రాసి, కింద గీత కూడా గీసింది.

కాకా భుజం మీద చెయ్యేశాడు. “ఏంగాదు తీయ్ తమ్మీ. ఎవలన్న ఒకలు ఔట్ గావాలె గద.”

అన్నయ్యకి చెప్పాను, తన పేరు జట్టులో ఉందని, నాది స్టాండ్‌బైలోనే ఉందని. నన్ను ఓదారుస్తాడనుకున్నాను. “సరే,” అన్నాడు, బ్యాగులో ఇంకో ఇడ్లీ ఉందా అని అడిగాడు.

స్టాండ్‌బైగా నాకు టోర్నమెంటు రోజు ఒకటే పని. అందరికన్నా గంట ముందు వచ్చి మంచినీళ్ళ కూలర్ నింపాలి. అందులో ఇరవై లీటర్లు పడతాయి. కుళాయి ఎడమ వైపుకి తిప్పితేనే పూర్తిగా మూసుకుంటుంది.